హార్మెన్‌ని ఏ దారిన దించుతారు

హార్మెన్ స్లోట్ ఏ గదిలో అడుగుపెట్టినా మంచం మెత్తదనం చూడడు, కిటికీలోంచి కాలువ చూడడు, స్నానాల గదిలో పాలరాయి చూడడు. తను ఆ గదిలో చచ్చిపోతే శవాన్ని ఏ దారిన కిందికి దించుతారో చూస్తాడు. ఆ సంగతి తేలేదాకా కోటు విప్పడు, కూర్చోడు, ఇచ్చిన కాఫీ ముట్టడు. మామూలు మనుషులు ఖరీదైన హోటల్లో నాలుగు రోజులు దర్జాగా బతుకుదామని దిగుతారు. ఈయన తన చావుకి రిహార్సల్ వేసుకోవడానికి దిగుతాడు.

ఆయన దిగేది ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ ఒడ్డున ఉన్న ఐదిళ్ళ హోటల్లో. ఏటా నవంబర్‌లో, ముసురు పట్టి, పదకొండింటికి కూడా దీపాలు వేసుకోవలసిన దిక్కుమాలిన రోజుల్లో వస్తాడు. వయసు డెబ్భై నాలుగు. ఎత్తు రెండు మీటర్లకి రెండు వేళ్ళు తక్కువ. బరువు ఎంతంటే చిన్న పియానో అంత అని తనే చెప్పుకుంటాడు. నలభై ఏళ్ళు ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసి, దించి, ఎక్కించి రిటైరయ్యాడు. జేబులో కొలత టేపు, చెవి మీద పెన్సిలు, చంకలో నల్ల అట్ట నోటుబుక్కు. ఆ మూడూ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

ఆ హోటల్ కూడా తక్కువది కాదు. మూడున్నర వందల ఏళ్ళ కిందట ఒకరంటే ఒకరికి పడని ఐదుగురు వర్తకులు ఎవరి ఇష్టానికి వాళ్ళు కట్టుకున్న ఐదు ఇళ్ళు. నడిమి గోడలు కొట్టేసి ఒక్కటి చేశారు. అంతస్తులు మాత్రం ఇప్పటికీ రాజీ పడలేదు. నడవాలో మూడు మెట్లెక్కి, పదడుగులు వేసి, రెండు మెట్లు దిగితే గానీ పక్కింటి గది రాదు. మెట్లన్నీ నిచ్చెనకి అన్నదమ్ముల్లా ఉంటాయి. అలాంటి చోట శవం ఏ దారిన వెళ్తుందని అడిగేవాడు దొరకడం హోటల్‌వాళ్ళ ఖర్మ.

ఆ ఖర్మలో పెద్ద వాటా హెస్టర్‌ది. హోటల్ తెరిచిన నాటి నుంచి పద్నాలుగేళ్ళుగా ముందు బల్ల దగ్గర ఆమే. మొదటి ఏడు హార్మెన్ తాళంచెవి తీసుకుంటూ తనిక్కడ పోతే ఏ దారిన దించుతారని అడిగితే, పాపం జబ్బు మనిషేమో అనుకుని డాక్టరుకి ఫోన్ చేసింది. డాక్టరు వచ్చి చూసి, ఈయన నన్ను కూడా పాతిపెట్టేలా ఉన్నాడని చెప్పి వెళ్ళాడు. రెండో ఏడు లిఫ్టులో దించుతామంది.

"లిఫ్టు లోతు నూట నలభై సెంటీమీటర్లు," అన్నాడు హార్మెన్. "నన్ను నిలబెట్టి తీసుకెళ్తారా?"

నాలుగో ఏటికి హెస్టర్ రాటుదేలింది.

"మీరు పోవడం ఖాయమైతే ఇప్పుడే చెప్పండి, కింది అంతస్తులో గది ఇస్తాను. నాకూ పని తగ్గుతుంది."

హార్మెన్ ముఖం వెలిగిపోయింది. ఈ హోటల్లో సూటిగా మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే అని మెచ్చుకుని, ఎప్పటిలాగే పై అంతస్తులోనే గది తీసుకున్నాడు.

ఐదో ఏడు ఆంట్వెర్ప్ నుంచి పెళ్ళై పాతికేళ్ళయిన దంపతులొచ్చారు. భోజనం చేసి చెట్టాపట్టాలేసుకుని పైకి వెళ్తుంటే మూడో అంతస్తు మలుపులో హార్మెన్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు గుండెల మీద, కళ్ళు మూసి, బూట్లు గోడకి ఆనించి. ఆవిడ కేకకి వంటింట్లో రెండు పళ్ళాలు పగిలాయి. హార్మెన్ ఒక కన్ను తెరిచాడు.

"కంగారు పడకండమ్మా, ఇంకా పోలేదు. మీవారి ఎత్తెంత?"

బిత్తరపోయిన ఆ మొగుడు నిజం చెప్పేశాడు. హార్మెన్ లేచి, మలుపు కొలిచి, తల అడ్డంగా ఊపి, ఈ ఎత్తు మనిషి ఈ మలుపులో తిరగడనీ, ఇద్దరూ మొదటి అంతస్తులో పడుకోవడం మేలనీ ఆవిడకి సలహా ఇచ్చాడు. వాళ్ళు అరగంటలో గది మార్పించుకున్నారు. ఇంటికి వెళ్ళాక హోటల్ గురించి నాలుగు ముక్కలు రాశారు కూడా. గది అద్భుతం, భోజనం అద్భుతం, పొద్దున కాఫీ అద్భుతం, ఒకాయన మా శవాలకి కొలతలు తీసుకున్నాడు.

ఆ నాలుగు ముక్కలని డైరెక్టర్ లోడెవైక్ మీటింగులో పైకి చదివాడు. లోడెవైక్ మంచివాడే, కానీ మీటింగు పెట్టకుండా గొడుగు కూడా విప్పడు. హార్మెన్‌ని మళ్ళీ రానివ్వాలా వద్దా అన్నదాని మీద మూడు మీటింగులు జరిగాయి, పది కాఫీ కూజాలు ఖాళీ అయ్యాయి, అందరూ అభిప్రాయాలు చెప్పారు, ఏదీ తేలలేదు. ఈలోగా నవంబర్ వచ్చింది, హార్మెన్ వచ్చాడు.

పొద్దున ఫలహారం దగ్గర ఆయన్ని చూస్తే మాత్రం ఎవరికీ కోపం నిలవదు. అంత భారీ మనిషి, వెన్న రాసిన రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని, ఒక్కటి కూడా కింద పడకుండా చిన్నపిల్లాడి శ్రద్ధతో తింటాడు. తింటూ పక్క బల్లవాళ్ళని మీ గదికి ఎన్ని మెట్లని అడుగుతాడు. వాళ్ళు లెక్క చెబితే అయ్యో అంటాడు. ఆ అయ్యో విన్నవాళ్ళు ఆ పూట ఇంకేమీ తినరు.

ఇక హోటల్లో, అతిథి కాని మనిషి ఒకావిడ ఉంది. పేరు ఫెమ్మీ, తొంభై ఒకటి. ఐదో ఇల్లు హోటల్‌వాళ్ళు కొనేనాటికే అటకమీది వాటాలో అద్దెకుండేది. ఖాళీ చేయనంది. ఖాళీ చేయించే హక్కు చట్టంలో ఎవరికీ లేదు. చేసేది లేక ఆవిడని అలాగే ఉంచి ఆవిడ చుట్టూ హోటల్ కట్టారు. కింద షాండ్లియర్లు, పట్టు తెరలు, దేశదేశాల ధనవంతులు. నెత్తిన ఫెమ్మీ, ఆవిడ కుట్టుమిషను, వరండాలో ఎండని ఆవిడ బట్టలు.

లిఫ్టు మూడో అంతస్తుతో ఆగిపోతుంది. పాత ఇల్లు కాబట్టి పైకి పొడిగించకూడదని నియమం. అక్కడి నుంచి రెండు వరసల నిలువు మెట్లు. నాలుగేళ్ళ కిందట ఫెమ్మీ వెన్నుపూస దెబ్బతిన్నాక ఆ మెట్లు దిగలేదు. ఊళ్ళోనే, ఆమ్‌స్టెల్ నది పక్కన ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆవిడ అక్క రోలీ ఉంది. తొంభై నాలుగేళ్ళు, చక్రాల కుర్చీ. ఈవిడ దిగలేదు, ఆవిడ ఎక్కలేదు. నడిచి వెళ్తే అరగంట దూరం. ప్రతి ఆదివారం పది నిమిషాలు ఫోన్లో పోట్లాడుకుంటారు.

ఈ ఏడు అక్టోబర్ చివర డాక్టరు ఫెమ్మీని చూసి, మెట్లు దిగి వచ్చి, హెస్టర్ బల్ల దగ్గర నిలబడి మూడు వారాలన్నాడు. మహా అయితే నాలుగు. దాపరికం లేకుండా ఆవిడకీ అదే చెప్పొచ్చాడు.

మధ్యాహ్నం పూట బఠాణీ సూప్ పట్టుకెళ్ళేది హెస్టరే. ఆ రోజు సగం పళ్ళెంలోనే ఒలకబోసింది. ఫెమ్మీ చూసి విసుక్కుంది.

"చావడానికి నాకేం అభ్యంతరం లేదే అమ్మాయ్. రోలీ అక్కతో ఎదురుగా కూర్చుని ఒక్కసారి పోట్లాడి చస్తాను. ఫోన్లో పోట్లాట ఒక పోట్లాటా? మొహం కనపడదు."

హెస్టర్ కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది. అంబులెన్సువాళ్ళు వచ్చారు. వాళ్ళ మంచం మలుపు తిరగలేదు. కూర్చోబెట్టి మోసుకెళ్దామంటే ఆ కుదుపుకి వెన్ను మిగలదని డాక్టరు వద్దన్నాడు. ఎత్తైన నిచ్చెన బండి తెప్పిద్దామంటే కాలువ గట్టు బలహీనపడిందని పోయినేడే బరువు బళ్ళు నిషేధిస్తూ బోర్డు పెట్టారు. ఫోన్లో నగరపాలక ఆఫీసు పెద్దమనిషి ఎవరో చాలా మర్యాదగా, ఆవిడ చనిపోయాక మాత్రం ఏదో ఏర్పాటు తప్పకుండా చేస్తామన్నాడు. హెస్టర్ ఫోన్ పెట్టేసి సామాన్ల గదిలోకి వెళ్ళి తుండుగుడ్డల మధ్య నిలబడి ఏడ్చింది.

ఆ వారమే హార్మెన్ వచ్చాడు. ఆయన రావడం అది ఏడో నవంబర్. ఐదో ఇంట్లో మూడో అంతస్తు గది కావాలన్నాడు. ఆ ప్రశ్న అడగబోతుంటే హెస్టర్ చెయ్యెత్తి ఆపింది. ఈ ఏడు నా దగ్గర చావు జోకులు అయిపోయాయండి అంది. హార్మెన్ ఆమె ముఖం చూసి నోరు మూసుకుని పైకి వెళ్ళాడు. ఏడేళ్ళలో అదే మొదటిసారి ఆయన అడగకుండా తాళంచెవి తీసుకోవడం.

మర్నాడు ఫలహారం బల్ల మీద నల్ల అట్ట నోటుబుక్కు మరిచిపోయాడు. లోపల పెడదామని తీసిన హెస్టర్ చేతిలో అది తెరుచుకుంది. ప్రతి కిటికీ గుమ్మం ఎంత బయటికి పొడుచుకొచ్చిందో, పూలకుండీల ఇనుప చట్రాలు ఎక్కడున్నాయో, ఇంటి నెత్తిన సామాను లాగే దూలం ఎంత లావో బొమ్మలతో సహా రాసి ఉంది. ప్రతి ఏటి పేజీ పైనా శవం కొలతలు. ఎత్తు నూట యాభై ఎనిమిది. బరువు మొదటి ఏడు యాభై ఏడు కిలోలు, తరువాత యాభై ఐదు, తరువాత యాభై రెండు. ఈ ఏటిది నలభై మూడు.

హెస్టర్ మళ్ళీ చదివింది. నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లంటే హార్మెన్ ఛాతీ దాకా వస్తుంది. నలభై మూడు కిలోలు ఆయన కాలొక్కటి తూగుతుంది. ఇన్నేళ్ళూ ఈ మనిషి కొలిచింది తన శవాన్ని కాదు. ఆమె బల్ల వదిలేసి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కింది.

హార్మెన్ కిటికీ తెరిచి, చట్రం రెండు చేతులా గట్టిగా పట్టుకుని, తల మాత్రం బయటపెట్టి దూలాన్ని చూస్తున్నాడు. నోటుబుక్కు ఆమె చేతిలో చూసి, దొంగతనం బయటపడ్డవాడిలా లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఫెమ్మీ భర్త బారెండ్ ఆ అటక మీదే పోయాడు. శవపెట్టె మెట్ల మలుపు తిరగక దూలానికి కప్పీ కట్టి కిటికీలోంచి దించారు. దించింది హార్మెన్. వాన పడుతోంది. జనపతాడు తడిసి ఉబ్బి కప్పీలో బిగుసుకుపోయింది. బారెండ్ పెట్టె రెండో అంతస్తు దగ్గర ఇరవై నిమిషాలు గాల్లో తిరిగింది. పడవల్లో జనం తలెత్తి చూశారు, ఫొటోలు తీశారు. పై కిటికీలో నిలబడి ఫెమ్మీ అంతా చూసింది.

"ఆవిడ తిట్టలేదు," అన్నాడు హార్మెన్. "నా వంతు వచ్చినప్పుడు నన్ను ఇలా వేలాడదీయకు హార్మెన్ అంది. సరేనన్నాను. అంతే."

తరువాత ఇల్లు హోటల్‌ది అయింది. దూలమూ హోటల్‌దే అయింది. గోడ పొడవునా ఏది ఎక్కడ తగులుతుందో లోపలి నుంచి చూస్తే గానీ తెలియదు, అతిథి అయితే గానీ లోపలికి రానివ్వరు. ఫెమ్మీ కోసమని అసలు సంగతి చెబితే డైరెక్టర్ భయపడి దూలానికి ఉన్న కొక్కెం ఎక్కడ పీకించేస్తాడోనని, తన శవం పేరు చెప్పుకుని పిచ్చివాడిలా తిరిగాడు. ఫెమ్మీ బరువు మాత్రం ఇంటికొచ్చే నర్సుని మెట్ల దగ్గర పట్టుకుని అడిగేవాడు. ఇన్నిసార్లు వచ్చి ఆ చివరి రెండు వరసల మెట్లు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆవిడకి మొహం చూపించడానికి సిగ్గేసిందట.

హెస్టర్ ఆయన పక్కనే మంచం మీద కూలబడింది. ఈ పెద్ద మనిషిని ఏడేళ్ళపాటు వంటింట్లో నవ్వుకోవడానికి వాడుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. కానీ ఆమె తీరిగ్గా సిగ్గుపడే సమయం కాదది.

"శవాన్ని కాదు," అంది. "ప్రాణంతో దించగలరా? ఈ వారంలో?"

హార్మెన్ ఆమె చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని ఈ ఏటి పేజీ తెరిచాడు.

"బీరువాలు దించాను. పియానోలు దించాను. తొమ్మిది శవపేటికలు దించాను. ఏదీ భయపడలేదు హెస్టర్. ఇప్పుడు నువ్వు చెప్పే సరుకు భయపడుతుంది. ఆవిడకంటే ముందు నేను భయపడతాను."

అని, పెన్సిలు తీసి, కొలతల కింద ఒక కుర్చీ బొమ్మ గీయడం మొదలుపెట్టాడు.

లోడెవైక్ విని తెల్లబోయాడు. బీమా సంగతి ఏమిటి, పాత కట్టడాల శాఖ ఏమంటుంది, సోమవారం ఒక మీటింగు పెడదాం, ఆ పై గురువారం ఇంకొకటి అన్నాడు. ఆవిడ దగ్గర అన్ని గురువారాలు లేవంది హెస్టర్. అనుమతి లేకుండా దూలం కింది అటక కిటికీ తాళంచెవి బయటికి వెళ్తే ఆమె వేరే ఉద్యోగం చూసుకోవలసి ఉంటుందని అతను చెప్పాడు. హెస్టర్ వింది. సాయంత్రం ఆ తాళంచెవి హార్మెన్ అరచేతిలో పెట్టింది. ఇంట్లో చదువుకునే కూతురుంది, మొగుడు లేడు. ఆ రాత్రి నిద్రపట్టలేదని తరువాత ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున హార్మెన్ చివరి మెట్లెక్కాడు. ఫెమ్మీ మంచంలోంచి తలతిప్పి చూసింది.

"లావయ్యావు," అంది.

"అవునమ్మగారూ."

"శవాన్ని దించడానికొచ్చావా? తొందరపడ్డావు."

"అక్క దగ్గరికి దించడానికొచ్చాను. కుర్చీలో. ప్రాణంతోనే."

ఫెమ్మీ కిటికీ వైపు చూసింది. అయితే మంచి కోటు వేసుకోవాలి, బీరువాలో ఆకుపచ్చది తీయండి అంది.

హార్మెన్ పాత జట్టులో మిగిలినవాళ్ళు ముగ్గురు. నలుగురి వయసులూ కలిపితే మూడు వందలకి నాలుగు తక్కువ, మోకాళ్ళలో బాగున్నవి రెండు. తడిసినా ఉబ్బని తాడు, కొత్త కప్పీ తెచ్చారు. హోటల్ హాల్లోంచి చేతులున్న మెత్తటి కుర్చీ ఒకటి పైకి చేర్చారు. ముందు ఎవరైనా కూర్చుని చూడాలి. హార్మెన్ కూర్చున్నాడు, తనని మోస్తే ఆవిడ బరువుకి మూడింతలు మోసినట్టే అని. కుర్చీ కిటికీ దాటి గాల్లోకి రాగానే ఆ మహానుభావుడు కళ్ళు మూసుకుని, నేల తగిలేదాకా తెరవలేదు. దిగాక కుర్చీలోంచి లేచి, నలభై ఏళ్ళూ తను ఎప్పుడూ కిందే నిలబడేవాడిననీ, ఎత్తంటే చిన్నప్పటి నుంచీ భయమనీ బయటపెట్టాడు. ముసలి నేస్తాలు ముగ్గురూ తాడు వదిలేసేంతగా నవ్వారు. అప్పటికి కుర్చీ ఖాళీగా ఉండబట్టి సరిపోయింది.

తరువాత ఎవరూ నవ్వలేదు. సన్నగా వాన. ఆకుపచ్చ కోటు, ముత్యం పిన్ను పెట్టిన టోపీ, ఒళ్ళో చేతిసంచి. కుర్చీకి నాలుగు పట్టీలతో కట్టిన ఫెమ్మీ పిట్టంత ఉంది. హార్మెన్ కింద తాడు పట్టుకున్నాడు. పైన హెస్టర్ కుర్చీని కిటికీ లోంచి బయటికి నెడుతుంటే ఆవిడ చెయ్యి హెస్టర్ మణికట్టు పట్టుకుంది. ఒక క్షణం వదల్లేదు. తరువాత వదిలింది.

ఆ ఇళ్ళన్నీ కావాలనే వీధి వైపు వాలి ఉంటాయి, దించే సరుకు గోడకి కొట్టుకోకుండా. కుర్చీ తిన్నగా దిగింది. మూడో అంతస్తు దాటింది. రెండో అంతస్తు దగ్గరికి రాగానే పైనుంచి సన్నటి గొంతు ఆపమంది.

హార్మెన్ తాడు బిగించి ఆపాడు. సరిగ్గా అక్కడే, అదే కిటికీ దగ్గర. తాడు పట్టేసిందా, నొప్పి వచ్చిందా, ప్రాణమే పోతోందా అని ఆయన పిడికిళ్ళు తెల్లబడ్డాయి. ఏమైందమ్మగారూ అని కేకేశాడు.

"ఏం కాలేదు. పద్నాలుగేళ్ళ నుంచి కింద ఏదో పెద్ద హోటలుందని వింటున్నాను. చూడనీ."

లోపల బాత్‌రోబ్‌లో కాఫీ తాగుతున్న ఒకాయన, కిటికీ బయట గాల్లో టోపీ పెట్టుకుని కూర్చున్న ముసలావిడని చూసి, ఏం చేయాలో తెలియక కప్పు పైకెత్తాడు. ఆవిడ కూడా మర్యాదగా తలూపింది. కిటికీ అద్దం మీద వేలితో కొట్టి తెరలు చూపించింది.

"అంచు వంకరగా కుట్టారయ్యా. ఎవరు కుట్టారో వాళ్ళకి చెప్పు. ఊఁ, దించు హార్మెన్."

ఆవిడ పాదాలు నేలకి తగిలేసరికి గట్టు మీద జనం పోగయ్యారు. ఒకడు ఫోన్ ఎత్తబోయాడు. హార్మెన్ నేస్తం ఒకాయన దాని ముందు తన వీపు పెట్టి నిలబడ్డాడు. అది చాలా పెద్ద వీపు. లోడెవైక్ కింది అంతస్తు తన గదిలోంచి అంతా చూసి, ఏమీ చూడనట్టు నెమ్మదిగా కిటికీ తెర లాగేసుకున్నాడు. ఆ వీధిలో పట్టపగలు తెర వేసుకున్నవాడు అంతకుముందు లేడు. హెస్టర్‌కి మాత్రం, కిందికి దిగొచ్చి అది చూశాక, అతని మీద ఆ రోజే మొదటిసారి గౌరవం కలిగింది. ఈ విషయం మీద తరువాత మీటింగు జరిగింది. ఏదీ తేలలేదు.

అక్కడి నుంచి కుదుపు లేని దారి నీళ్ళే. కుర్చీతో సహా పడవలో ఎక్కించి, కాలువ వెంబడి ఆమ్‌స్టెల్ దాకా తీసుకెళ్ళారు. హెస్టర్ గొడుగు పట్టుకుంది. ఫెమ్మీ ప్రతి వంతెన కిందా తలెత్తి రాళ్ళని చూసింది.

ఆశ్రమంలో రోలీ నీళ్ళవైపు గదిలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసింది. చెల్లెలు అక్కని చూసింది. నాలుగేళ్ళు ఇద్దరినీ ఎంత తిన్నాయో ఇద్దరికీ ఒకేసారి కనపడింది. హెస్టర్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"కాఫీ చల్లారిపోయింది," అంది రోలీ.

"వేడిగా పెట్టడం నీకెప్పుడు చేతనైంది గనక?" అంది ఫెమ్మీ.

ఇద్దరి కుర్చీలూ దగ్గరికి జరిపారు. చేతులు పట్టుకున్నారు. అమ్మ పోయాక ఇత్తడి గడియారం ఎవరు తీసుకున్నారన్న దగ్గర మొదలుపెట్టి ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు. చేతులు మాత్రం వదల్లేదు. నర్సు తలుపు వేయబోయి, వేయకుండా వెళ్ళిపోయింది.

హార్మెన్ నడవాలో బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ముక్కు ఎర్రగా ఉంది. ఫెమ్మీ లోపలి నుంచి పిలిచింది. తనకిక ఇక్కడే పక్కన మంచం వేస్తున్నారని, ఆయన ఇంటికి వెళ్ళి పొడి బట్టలు కట్టుకోవచ్చని చెప్పింది.

"మళ్ళీ గురువారం రా. రెండున్నరకి. రాసుకో. ఆలస్యం చేయకు, నా దగ్గర టైమ్ లేదు."

హార్మెన్ రాసుకున్నాడు. గురువారం రెండున్నరకి వెళ్ళాడు. ఆవిడ ఉంది, అక్కతో పోట్లాటలో ఉంది, సాక్షిగా ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకుంది. వెళ్ళేటప్పుడు వచ్చే గురువారానికి మళ్ళీ టైమ్ ఇచ్చింది. డాక్టరు ఏం చెప్పాడో ఎవరూ గుర్తు చేయలేదు. ఫిబ్రవరి రెండో వారం దాకా ఒక్క గురువారం కూడా ఆవిడ మాట తప్పలేదు.